టంగుటూరు దగ్గర మమ్మల్ని ఆదుకున్నవాళ్లకి

నిన్న రాత్రి హైదరాబాద్ చేరాం. బ్యాగులు ఇంకా విప్పలేదు. ముందు ఈ నాలుగు మాటలు రాస్తే గానీ మనసు కుదుటపడేలా లేదు. రామేశ్వరం వెళ్లేటప్పుడు టంగుటూరు దగ్గర హైవే మీద మా బండి ఆగిపోయినప్పుడు మాకు సాయం చేసిన వాళ్లందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు. అందుకని రాయడం లేదు.

నేనూ మా ఆవిడా బండి మీద రామేశ్వరం బయల్దేరాం. 150 సీసీ బండి, ఎనిమిదేళ్ల పాతది. వెళ్లే ముందు సర్వీసింగ్ చేయించాం. చైన్ వదులుగా ఉందంటే గట్టిగా బిగించి ఇచ్చారు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, అద్దంకి మీదుగా వచ్చి మేదరమెట్ల దగ్గర 16వ నంబర్ జాతీయ రహదారి ఎక్కాం. ఒంగోలు దాటాక వెనక చక్రం దగ్గర గరగరమని సన్నగా శబ్దం మొదలైంది. పక్కన లారీల మోతలో అది మా బండిదో కాదో కూడా తేల్చుకోలేకపోయాను. టంగుటూరు దగ్గరికొచ్చేసరికి టప్‌మని వినపడింది. ఇంజిన్ ఒక్కసారిగా హోరెత్తింది, బండి మాత్రం లాగడం లేదు.

పక్కకి తీసి చూస్తే చైన్ లేదు. వెనక్కి నడిచి వెతికితే రోడ్డు మీద పడి ఉంది. అదే గనక చక్రంలో ఇరుక్కుని ఉంటే చక్రం బిగుసుకుపోయేది. వెనకాలే లారీలు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మిట్ట మధ్యాహ్నం, ఎక్కడా చెట్టు నీడ లేదు. హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేద్దామని నంబర్ నొక్కుతుండగానే ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. వేలం కేంద్రంలో పొగాకు బేళ్లు దించి ఇంటికి వెళ్తున్న రైతు. "ఏందబ్బాయ్, ఆడమనిషిని ఎండలో నిలబెట్టావు? ముందు ఎక్కండి" అన్నాడు. అటుగా వెళ్తున్న ఇద్దరు కుర్రాళ్లని కేకేసి, నలుగురం కలిసి బండిని పైకెక్కించాం. బేళ్లు కట్టిన తాళ్లతోనే దాన్నీ కట్టేశాడు. దారిలో రెండు మెకానిక్ షాపులు కనిపించినా ఆగలేదు. "ఆయన పని తొందరగా చెయ్యడు, సరిగ్గా చేస్తాడు" అని ఒక పెద్దాయన షాపు ముందు దించాడు. డబ్బులు తియ్యబోతే, "మా ఊరికి పొయ్యే దారేలే" అనేసి వెళ్లిపోయాడు. వాళ్ల ఊరు దానికి పూర్తిగా అవతల వైపని తర్వాత మెకానిక్ చెబితే తెలిసింది.

ఆ పెద్దాయన గురించే అసలు చెప్పాలి. చైన్ చేతిలోకి తీసుకుని ఒక్కో లింకూ వంచి చూశారు. కొన్ని చోట్ల కదులుతోంది, కొన్ని చోట్ల కర్రలా బిగుసుకుపోయి ఉంది. చక్రం ఊపి చూస్తే అటూ ఇటూ ఆడింది. విప్పితే స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) వైపు బేరింగ్ పోయి ఉంది. అప్పుడు అడిగారు, "చైన్ ఎవరు బిగించారు? డబుల్ స్టాండ్ మీద పెట్టేనా?" అని. అవునన్నాను. స్టాండ్ మీద చక్రం గాల్లో వేలాడుతుంది, అప్పుడు చైన్ కొంచెం వదులుగా కనిపిస్తుంది. అది చూసి బిగించేస్తే, ఇద్దరు ఎక్కి సామాను కూడా కట్టాక షాకబ్జార్వర్లు కిందికి దిగుతాయి, చైన్ ఇంకా బిగుస్తుంది. ఆ లాగుడంతా బేరింగ్ మీదా చైన్ మీదా పడుతుంది. అందుకే కొంత వదులు ఉంచి తీరాలన్నారు. అన్నేళ్లుగా బండి నడుపుతున్నాను, చైన్ ఎంత బిగుతుగా ఉంటే అంత మంచిదనే అనుకున్నాను.

ఇంకో సంగతి. చైన్ రెండు కొసల్నీ కలిపే లాక్ చిన్న చేపలా ఉంటుంది. తల మూసుకుని ఉంటుంది, తోక తెరుచుకుని ఉంటుంది. తల ఎప్పుడూ చైన్ తిరిగే దిక్కుకే ఉండాలి. తోక ముందుకి పెడితే ఎక్కడైనా తగిలి ఊడొచ్చేస్తుంది. మాది ఊడిపోవడానికి కారణం అదే అయ్యుంటుందని ఆయన అన్నారు.

బేరింగూ చైన్ కిట్టూ ఒంగోలు నుంచి తేవాలి. షాపులో పనిచేసే కుర్రాడు మా డబ్బులు తీసుకుని ఆయన బండి మీద వెళ్లాడు. బిల్లూ, మిగిలిన చిల్లరా లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. ఈలోగా ఆయన భార్య మా ఆవిడని లోపలికి తీసుకెళ్లి, కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చి, పప్పుచారు, గోంగూర పచ్చడి వేసి ఇద్దరికీ అన్నం పెట్టారు. మొహమాటపడుతుంటే, "దూరం పొయ్యే పిలకాయలు, కడుపు నిండా తినండి" అన్నారు. నలభై దాటినవాణ్ణి, నన్ను పిలకాయ అన్నవాళ్లు మా అమ్మ పోయాక మళ్లీ ఆవిడే.

సామాను వచ్చాక పెద్దాయన పని మొదలుపెట్టారు. బేరింగ్ కూర్చోబెట్టి, కొత్త చైన్ ఎక్కించి, ఇక బిగించాలనగా పానా నా చేతిలో పెట్టారు. "కొత్త చైన్ మొదట్లో సాగుద్ది. రామేశ్వరం దాకా నేను రాలేను గదా, నువ్వే చెయ్యి." చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చైన్ కింది వరస నొక్కి చూడమన్నారు. అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోటే కొలవాలి. మా బండికి 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. చక్రానికి రెండు వైపులా చైన్ బిగించే అడ్జస్టర్ల గీతలు ఒకేచోట ఉండాలి, లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటుంది. నేను బిగించాను, ఆయన విప్పేశారు. మళ్లీ బిగించాను, మళ్లీ విప్పేశారు. నాలుగోసారికి తల ఊపారు. ఆపైన, "చక్రం జరిగితే వెనక బ్రేకు కూడా మారుద్ది, అది మర్చిపోతావు నువ్వు" అని బ్రేకు రాడ్ నట్ చూపించారు. మొదట్లో సార్ అని పిలిచినవాణ్ణి అప్పటికి బాబాయ్ అనేశాను.

కూలీ 200 అన్నారు. ఆరు గంటల పనికి! ఎక్కువ ఇస్తే పుచ్చుకోలేదు. పైగా 90 నంబర్ గేర్ ఆయిల్ చిన్న సీసాలో పోసి, ఒక పాత బ్రష్షూ, ఆ పానా కూడా మూటకట్టి ఇచ్చారు. చీకటి పడ్డాక బయల్దేరి రాత్రికి నెల్లూరు చేరాం.

అక్కడి నుంచి ప్రతి 500 కిలోమీటర్లకీ చైన్ తుడిచి, ఇంజిన్ ఆపి, చక్రం చేత్తో తిప్పుతూ లోపలి వైపు ఆయిల్ రాశాను. ధనుష్కోటిలో ఇసుకా ఉప్పుగాలీ తగిలిన రోజు సాయంత్రమే మొత్తం కడిగాను. రెండుసార్లు చైన్ సాగింది, రెండుసార్లూ నేనే సరిచేసుకున్నాను. ఎక్కడా గరగర లేదు.

తిరుగు ప్రయాణంలో టంగుటూరులో ఆగాం. పిన్నిగారికి రామేశ్వరం తీర్థం, ప్రసాదం ఇచ్చి, పానా తిరిగివ్వబోతే "ఉంచుకో" అన్నారు బాబాయ్. ఆయన మాత్రం మాటల్లో ఉండగానే బండి పక్కన గొంతుక్కూర్చుని, చక్రం తిప్పుతూ బొటనవేలితో చైన్ నొక్కి చూశారు. లాక్ దగ్గర ఆగి దాని తల ఎటు ఉందో చూశారు. లేచి చేతులు తుడుచుకుంటూ, "బ్రేకు చూశావా?" అని అడిగారు.

చూశాను బాబాయ్. రెండుసార్లూ చూశాను.