గోడలో ట్యాంకు పెట్టించాలా అన్నావు కదా!

నిజాంపేట, హైదరాబాద్

ఒరేయ్ రఘూ,

కొత్తింటి బాత్రూముల్లో కన్సీల్డ్ ఫ్లష్ ట్యాంకు, అదే గోడ లోపల దాచేసే ట్యాంకు, పెట్టించాలా వద్దా అని భలే సమయానికి అడిగావు. మా దాంతో ఇప్పుడే ఒక యుద్ధం అయింది. బటన్ నొక్కితే లోపలికి పోతోంది, టక్కుమంటోంది, నీళ్లు మాత్రం రావు. అత్తయ్యగారు వచ్చి ఉన్న సమయం మరి! బకెట్‌తో నీళ్లు కొట్టుకుంటూ కాలక్షేపం చేశాం.

ప్లంబర్ వచ్చి గోడ మీద తట్టి, "టైల్స్ పగలగొట్టాలి సార్" అన్నాడు. మా ఆవిడ ఒప్పుకుంటుందా? అతణ్ణి పంపించేసి, నన్ను స్క్రూడ్రైవర్ తెమ్మంది.

అసలు సంగతేంటంటే, గోడ పగలగొట్టే పని చాలాసార్లు ఉండదురా. ఆ బటన్ల ప్లేటే తలుపు. మాది పైకి జరిపి ముందుకు లాగితే ఊడొచ్చింది, కొన్నిటికి స్క్రూలుంటాయట. దాని వెనక ప్లాస్టిక్ మూత తీస్తే ట్యాంకు లోపలంతా ఆ జానెడు సందులోంచే అందుతుంది. ముందు లోపలి చిన్న వాల్వు తిప్పి నీళ్లు కట్టేయాలి.

మా ట్యాంకు అడుగున చెంబెడు నీళ్లు కూడా లేవు. నీళ్లు నింపే ఫ్లోట్ వాల్వు విప్పితే, దాని మూతిలో వేలి గోరంత జల్లెడ, దానికి తెల్లగా సున్నం గట్టిగా పట్టేసింది. మా బోరు నీళ్ల సంగతి తెలుసుగా, గీజర్లు, కుళాయిలు అన్నిటికీ అదే గతి. వెనిగర్‌లో నానబెడితే బుసబుసా బుడగలొచ్చి వదిలింది. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లయినా సరే. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం పోయకు, రబ్బరు వాషర్లు పాడవుతాయి.

తిరిగి బిగించేటప్పుడు ఇంకో కిటుకు. బటన్ వెనక రెండు పుల్లలుంటాయి, తిప్పితే పొడుగవుతాయి. పొడుగెక్కువైతే బటన్ ఎప్పుడూ నొక్కినట్టే ఉండి నీళ్లు కారిపోతూనే ఉంటాయి. పొట్టివైతే ఎంత నొక్కినా ట్యాంకు అడుగున నీళ్లు వదిలే వాల్వు లేవదు. కారడం ఆగకపోతే ఆ వాల్వు అడుగునున్న వాషర్ చూడు. మార్చాల్సొస్తే పాతది జేబులో వేసుకుని షాపుకెళ్లు. ఇక్కడైతే ట్రూప్ బజార్‌లో వెతికితే దొరుకుతాయి.

కాబట్టి పెట్టించుకో, నాకేం అభ్యంతరం లేదు. కానీ విడిభాగాలు మీ ఊళ్లో దొరికే కంపెనీదే తీసుకో. ఆ ప్లేటుకి అడ్డంగా అల్మారా మాత్రం కట్టించకు, నీకసలే ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ అల్మారా కట్టించే జబ్బుంది!

గృహప్రవేశం ముహూర్తం పెట్టగానే చెప్పు, రైలు టికెట్లు దొరకవు తర్వాత.

నీ
సుబ్బు