స్కాన్ క్లీన్ అంటే రేడియేషన్ వద్దని కాదు

ఎడిటర్ గారికి,

మీ ఆరోగ్యం పేజీలో ప్రొస్టేట్ క్యాన్సర్ గురించి అప్పుడప్పుడూ రాస్తుంటారు, బాగానే ఉంటుంది, కానీ ఎంతసేపూ జబ్బును ముందే పట్టుకోవడం గురించే. ఆపరేషన్ అయిపోయి, గండం గట్టెక్కిందనుకున్న కొన్నేళ్లకి, ప్రొస్టేట్ కణాలు రక్తంలోకి వదిలే ప్రోటీన్ అయిన పీఎస్‌ఏ మళ్లీ పెరిగినవాళ్ల సంగతేంటి? మా బావగారిది అదే పరిస్థితి.

గ్రంథి తీసేశాక పీఎస్‌ఏ దాదాపు సున్నాకి రావాలి. అది 0.2 దాటి, ఇంకోసారి చేయించినా అలాగే వస్తే జబ్బు తిరగబెట్టినట్టే లెక్క. ఎక్కడ తిరగబెట్టిందో మాత్రం ఆ అంకె చెప్పదు, మామూలు సీటీలో, బోన్ స్కాన్‌లో ఆ దశలో చాలావరకు ఏమీ దొరకదు. అందుకని పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ రాస్తున్నారు. ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలకి అతుక్కునే మందుని, కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం కలిపి, నరానికి ఎక్కిస్తారు. ఓ గంట కూర్చోబెట్టి, ఒకసారి బాత్రూమ్‌కి వెళ్లి రమ్మని, అప్పుడు స్కాన్ తీస్తారు. బాత్రూమ్‌కి పంపేది ఊరికే కాదు, ఆ మందులో చాలా రకాలు మూత్రంలోనే బయటికి పోతాయి కాబట్టి, మూత్రాశయం నిండుగా వెలుగుతుంటే దాని పక్కనే గ్రంథి ఉన్న చోట మిగిలిన చిన్న మచ్చ అందులో కలిసిపోతుంది.

మా బావగారికి పీఎస్‌ఏ 0.3 ఉండగా తీశారు. ఎక్కడా ఏమీ లేదని రిపోర్ట్! ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, జబ్బు తిరగబెడితే గ్రంథి ఉన్న చోట ఇచ్చే రేడియేషన్ ఇంక ఎందుకన్నారు. మొదట చూపించిన చోట కూడా ‘కనపడే దాకా ఆగుదాం’ అనేశారు. అదృష్టం కొద్దీ మా అక్క ఊరుకోలేదు, ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

ఆయన చెప్పింది ఇంతే: ఏమీ కనపడలేదంటే జబ్బు లేదని కాదు, స్కాన్‌కి అందనంత చిన్నగా ఉందని. కాలిఫోర్నియాలో 635 మంది మీద జరిగిన అధ్యయనం 2019లో వచ్చింది, అందులో పీఎస్‌ఏ 0.5 లోపు ఉన్నవాళ్లలో ఈ స్కాన్‌కి ఏదైనా దొరికింది 38 శాతం మందికే, 5 దాటినవాళ్లలో 97 శాతం మందికి. కనపడాలని కూర్చుంటే కనపడుతుంది, నిజమే, కానీ రేడియేషన్ బాగా పనిచేసేది పీఎస్‌ఏ తక్కువున్నప్పుడే. యూరప్ యూరాలజిస్టుల మార్గదర్శకాలు కూడా స్కాన్ నెగెటివ్ వచ్చిందని రేడియేషన్ ఆపొద్దనే అంటున్నాయి.

మరి స్కాన్ దండగా అంటారా? కాదు. మనవాళ్లు బోలెడుమంది ఉండే అట్లాంటాలో, ఎమరీ యూనివర్సిటీ డాక్టర్లు ఆపరేషన్ తర్వాత పీఎస్‌ఏ పెరిగిన 165 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు స్కాన్లతోనే రేడియేషన్ ఇచ్చారు, రెండో గుంపుకి ఫ్లూసిక్లోవిన్ అనే ఇంకో మందుతో పెట్ స్కాన్ కూడా తీసి, దాన్నిబట్టి ఎక్కడ ఇవ్వాలో నిర్ణయించారు. మూడేళ్లకి జబ్బు అదుపులో ఉన్నవాళ్లు మొదటి గుంపులో 63 శాతం, రెండో గుంపులో 75.5 శాతం (ఎక్కువకాలం బతుకుతారా అన్నది వేరే ప్రశ్న, ఈ అంకెలు దానికి జవాబు కాదు). ఈ అధ్యయనం 2021లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. నాకు ముఖ్యంగా తోచిందేమిటంటే, రెండో గుంపులో స్కాన్‌లో ఏమీ కనపడనివాళ్లకి కూడా గ్రంథి ఉన్న చోట రేడియేషన్ ఇచ్చారు. కటిలోని లింఫ్ గ్రంథుల్లో కనపడితే అక్కడికీ ఇచ్చారు, ఇంకా దూరం పాకిందని తేలినవాళ్లకి ఇవ్వలేదు. అంటే స్కాన్ పని రేడియేషన్ ఎంత మేర ఇవ్వాలో చెప్పడం.

దీనికి తిరగేసిన కేసులూ ఉంటాయి. కొన్ని రకాల పీఎస్‌ఎంఏ మందుతో పక్కటెముకల్లో చిన్న చుక్కలు వెలుగుతుంటాయి, చాలాసార్లు అవి క్యాన్సర్ కావు. రిపోర్ట్ చేతికి రాగానే ఫోన్లో వెతికి ‘ఎముకలకి పాకింది’ అని టెన్షన్ పడిపోయే కుటుంబాలెన్నో.

మీరు ఒక యూరాలజిస్టునీ, ఒక రేడియేషన్ డాక్టరునీ కలిపి కూర్చోబెట్టి ఈ విషయం మీద ఒక పేజీ వేయండి. ఏ పీఎస్‌ఏ దగ్గర ఏ స్కాన్, దానికి ఎంత ఖర్చు, నెగెటివ్ వస్తే తర్వాతేంటి అన్నవి తప్పకుండా అడగండి.

– ఒక పాఠకుడు, హనుమకొండ