కలెక్టర్ గారూ, ఆ రేకుల కుప్ప ఇంకా అక్కడే ఉంది

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

ప్రజావాణిలో మూడు సోమవారాలు లైన్లో నిలబడి అర్జీ ఇచ్చినవాణ్ణి నేను. మూడోసారి ఇచ్చాక ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: "పనులు పూర్తయినందున మీ అర్జీ పరిష్కరించబడినది." మా బడి కప్పు పనులు పూర్తి కాలేదని నేనెప్పుడూ అనలేదు సార్. పూర్తి చేసిన తీరు మీదే నా అర్జీ. అది చదివినవాళ్లు ఎవరో గానీ, మొదటి లైనుతోనే సరిపెట్టుకున్నట్టున్నారు.

మా ఊరి బడికి కొత్త కప్పు వేశారు, సంతోషం. పాత సిమెంటు రేకులు దించింది ఎలాగో చెప్తాను. కాంట్రాక్టరు పంపిన ఇద్దరు కుర్రాళ్లు పైకెక్కారు. బోల్టులు తుప్పు పట్టి రావడం లేదని రేకుల్నే సుత్తితో పగలగొట్టారు. మిగిలినవి పైనుంచి కిందికి విసిరేశారు. మూతికి తువ్వాలు, అంతే. ఆ దుమ్మంతా వంటగది కిటికీల మీద, నీళ్ల ట్యాంకు మూత మీద పేరుకుంది. జూన్ 12న బడి తెరిచే ముందు రోజు చీపురుతో పొడిపొడిగా ఊడ్చి మళ్లీ గాల్లోకి లేపారు.

నాకెందుకింత బాధ అంటే, ఇరవై రెండేళ్లు నేనూ రేకుల పనే చేశాను. కటింగ్ మిషన్‌తో కోసి, గీత కనపడాలని ఆ బూడిదరంగు పొడిని నోటితో ఊదేవాణ్ణి. అందులో ఉండేది ఆస్‌బెస్టాస్ అనే రాతి పీచు అని, ఏ రకమైనా క్యాన్సర్ తెచ్చేదేనని, ఆ పీచు ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడేసరికి 20, 30 ఏళ్లు కూడా పట్టొచ్చని ఆయాసంతో ఎక్స్‌రే తీయించుకున్న రోజున డాక్టరు చెబితే తెలిసింది. ఆస్‌బెస్టాస్ పరిశ్రమల్లో పనిచేసినవాళ్ల ఆరోగ్య రికార్డులు కనీసం 40 ఏళ్లు ఉంచాలని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పిందట. నా రికార్డు నా దగ్గును లెక్కపెట్టే మా ఆవిడ దగ్గరే ఉంది.

కప్పు మీద కదలకుండా ఉన్న రేకుతో పెద్ద ప్రమాదం లేదు సార్. పగలగొట్టినా, కోసినా, అరగదీసినా పీచు లేస్తుంది. అందుకే ముందు నీళ్లతో తడపాలి, బోల్టు కోసి రేకును పగలకుండా మొత్తంగా దించాలి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి కట్టాలి, సరైన మాస్కు పెట్టుకోవాలి. ఇందులో కోట్ల ఖర్చు ఏముంది? నీళ్లు బడి బోరులోనే ఉన్నాయి.

ఇప్పుడా ముక్కలన్నీ వంటగది వెనక కుప్పగా ఉన్నాయి. పెద్దవి కొన్ని కోళ్ల గూళ్ల మీదికి వెళ్లిపోయాయి. వాళ్లను ఏమనను, మంచి ముక్క దొరికితే నేనూ ఇంటికి తెచ్చుకున్నవాణ్ణే. మొన్న మా నాలుగో తరగతి పిల్ల తొక్కుడు బిళ్ల ఆడుతుంటే చూశాను. బిళ్ల గుండ్రంగా, నున్నగా ఉంది. ఎక్కడిదమ్మా అంటే, "రేకు ముక్క నాన్నా, మెట్టు మీద అరగదీశాం. అందరికీ ఒక్కోటి చేసుకున్నాం" అంది. మెట్టు మీద తెల్లగా పొడి. నా కాళ్లలో బలం పోయింది.

ఆ కుప్ప ఎత్తించండి. తడిపి, చుట్టి ఎత్తించండి, ట్రాక్టర్లో వేసి చెరువు కట్ట కింద పోయించొద్దు. ప్రమాదకర వ్యర్థాల కోసం హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో ప్రత్యేకంగా చోటు ఉంది కదా, ఫ్యాక్టరీల చెత్త వెళ్లే చోటికి మా బడి చెత్త ఎందుకు వెళ్లదు? పక్క ఊళ్లలో ఇంకా దించని రేకులున్నాయి. అక్కడైనా సుత్తి ఆపించండి. దయచేసి ఎత్తించండి సార్, ఇంకెన్నిసార్లు అడగాలి?

వచ్చే సోమవారం మళ్లీ వస్తాను. ఈసారి కాగితంతో పాటు ఆ బిళ్లను తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో గట్టిగా కట్టి తెస్తాను. మీ టేబుల్ మీదే పెడతాను. కవరు మాత్రం విప్పకండి.

ఇట్లు,
ఒక రేకుల పనివాడు, నాలుగో తరగతి పిల్ల తండ్రి