పదిహేడో నంబర్ టోకెన్ ఇచ్చిన మాస్టారికి

చెప్పులు కూడా విప్పకుండా రాస్తున్నా. సీడీ వచ్చేసింది! ఐదు వారాలు కస్టమ్స్‌లో ఇరుక్కున్న నా 'బ్లాక్ ఆల్బమ్' ఇప్పుడు నా ఒళ్ళో ఉంది.

తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. 1987 డిసెంబర్‌లో రావాల్సిన ఈ ఆల్బమ్‌ని, ఇంకో వారంలో విడుదలనగా, దాన్ని పాడిన అమెరికన్ గాయకుడు ప్రిన్స్ తనే ఆపించేశాడు. అప్పటికే అచ్చయిన దాదాపు 5 లక్షల కాపీల్ని నాశనం చేశారు. మళ్ళీ 1994 నవంబర్ 22న బయటికొచ్చింది, అదీ 1995 జనవరి 27 దాకా మాత్రమే అమ్మారు. ఆ ఏడేళ్ళూ దొంగ కాపీలే దిక్కు. నేను విన్నదీ అన్నయ్య ఎక్కడో సంపాదించిన గరగరలాడే క్యాసెట్టే.

అట్ట ముందువైపు నలుపు తప్ప ఏమీ ఉండదు. అదే నా కొంప ముంచింది. "పేరు లేదు, ఏముందో మాకెలా తెలుస్తుంది" అంటారు కౌంటర్లో. ఒకరోజు బిల్లు, ఒకరోజు ఆధార్, ఒకరోజు ఉత్తరం. మూడు సెలవులు పోయాయి. ఏమేం కావాలో ఒక కాగితం మీద రాసి గోడకి అంటిస్తే వీళ్ళ సొమ్మేం పోతుందండీ?

ఈరోజు నా టోకెన్ 41. పక్కన రిటైరైన లెక్కల మాస్టారు, మనవడు డల్లాస్ నుంచి పంపిన స్వెట్టర్ కోసం వచ్చారట (హైదరాబాద్ ఎండలకి స్వెట్టరు!). పెన్ను క్యాప్ పళ్ళ మధ్య పెట్టుకుని నా ఉత్తరం ఆయనే రాసిపెట్టారు. రాస్తూనే, "అచ్చయ్యాక ఎందుకు ఆపేశాడమ్మా?" అన్నారు. ఆ పాటల్లో ఏదో చెడు ఉందనిపించిందట సార్ అన్నాను. కాసేపు ఆలోచించి, "నేనూ ఒకసారి దిద్దిన పేపర్లన్నీ వెనక్కి తెప్పించుకుని మళ్ళీ దిద్దాను" అన్నారు.

పదహారు పిలవగానే తన పదిహేడు నా చేతిలో పెట్టి నా 41 లాక్కున్నారు. "పాపని స్కూల్ నుంచి తెచ్చుకోవాలన్నావుగా. మా ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరులే."

నేను పార్సిల్‌తో బయటికొచ్చేసరికి ఆయన ఫ్యాన్ లేని వైపు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. దండం పెట్టాను, ఇంకేం మాట రాలేదు. ఆటోలో మాత్రం ఏడుపు ఆగలేదు. పేరు కూడా అడగలేదు చూడండి, సిగ్గుగా ఉంది. మాస్టారూ, ఇది మీ మనవడి కంటైనా పడితే బావుణ్ణు.

మా ఆయనకీ అత్తయ్యకీ థాంక్స్, వాళ్ళకి తెలుసు.

అయ్యో, మినియాపొలిస్‌లో సీడీ అమ్మినాయన! అర్ధరాత్రి అడిగితే అరగంటలో బిల్లు మళ్ళీ పంపాడు. చిల్లర లేదంటే పర్లేదక్కా అన్న జిరాక్స్ అబ్బాయి కూడా. ఇంకా, మా ఇంట్లో సీడీ ప్లేయరే లేదని ఇప్పుడే గుర్తొచ్చింది, కింద ఫ్లాట్ ఆంటీ తమది ఇచ్చారు. ఆదివారం తిరిగి ఇచ్చేస్తా ఆంటీ.