నల్లబడిన తెరంతా పోయిన ప్యానెల్ కాదు

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్ మానిటర్ తెర నల్లబడితే ప్యానెల్, అంటే బొమ్మ చూపించే గాజు పలక, పోయినట్టేననీ, ప్యానెల్ మార్చే ఖర్చుతో కొత్త మానిటరే వస్తుంది కాబట్టి పాతది పారేయడం మేలనీ మీ సాంకేతిక శీర్షికలో రాశారు. ప్యానెల్ ఖర్చు గురించి అన్నది నిజమే. నల్ల తెరకల్లా ప్యానెలే కారణమన్నది మాత్రం ఒప్పుకోలేం. చాలా సందర్భాల్లో పోయేది ప్యానెల్ వెనక నుంచి వెలుగునిచ్చే బ్యాక్‌లైటో, దానికి కరెంటిచ్చే పవర్ బోర్డో, ఒట్టి కేబులో అయి ఉంటుంది. ఏది పోయిందో తేల్చుకోవడానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

ముందుగా కంప్యూటర్ నుంచి వచ్చే కేబుల్ పీకేసి, ఒక్క పవర్ వైరుతోనే మానిటర్‌ను ఆన్ చేయాలి. ‘నో సిగ్నల్’ అనో, ‘కేబుల్ చూసుకోండి’ అనో తెర మీద కనిపిస్తే ప్యానెల్, బ్యాక్‌లైట్, పవర్ బోర్డు మూడూ పనిచేస్తున్నట్టే. ఇక వెతకాల్సింది కేబుల్, పోర్టు, కంప్యూటర్. మెనూలో ఇన్‌పుట్ వేరేదానికి మారి ఉందేమో కూడా చూడాలి. ఈ ఒక్క పొరపాటుతో రిపేరుకు వచ్చే మానిటర్లు తక్కువేం కాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంకేతాలను వేర్వేరు వైర్లలో తెచ్చే పాత వీజీఏ కేబుల్ అయితే రంగే జబ్బు చెబుతుంది: తెర నీలాకుపచ్చగా మారితే ఎరుపు వైరు, గులాబీ ఊదాగా మారితే ఆకుపచ్చ వైరు, పసుపుగా మారితే నీలం వైరు తెగినట్టు, లేదా ఆ పిన్ను వంగినట్టు. 9వ పిన్ను చాలా కేబుళ్లలో అసలే ఉండదు, విరిగిందనుకుని కంగారు పడొద్దు. డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లలో ఇంకో తిరకాసుంది. ప్రమాణం ప్రకారం 20వ పిన్నును కేబుల్‌లో కలపకూడదు. నాసిరకం కేబుళ్లలో కలిపేస్తారు. దాంతో మానిటర్‌లోని 3.3 వోల్టులు కంప్యూటర్‌లోకి ఎదురెక్కి, ఒక్కోసారి కంప్యూటరే సరిగ్గా ఆన్ అవదు.

కేబుల్ పీకినా తెర నల్లగానే ఉండి, పవర్ దీపం మాత్రం వెలుగుతుంటే టార్చి పరీక్ష చేయాలి. కేబుల్ మళ్లీ తగిలించి, గది చీకటి చేసి, టార్చి వెలుగును తెర మీద ఏటవాలుగా వేసి దగ్గర నుంచి చూడండి. తెర మీది విండోలు, అక్షరాలు లీలగా కనిపిస్తే బొమ్మ వస్తోంది, బ్యాక్‌లైటే లేదు. పాత మానిటర్లలో ఈ వెలుగు సన్నని ఫ్లోరసెంట్ గొట్టాల నుంచి వస్తుంది. వాటిని నడిపే ఇన్వర్టర్ అనే చిన్న బోర్డు వందల వోల్టులు పుట్టిస్తుంది కాబట్టి ఆన్‌లో ఉండగా ఆ బోర్డు మీద చెయ్యి పెట్టకూడదు. బొమ్మ రెండు క్షణాలు వచ్చి ఆరిపోవడం ఈ రకానికి పేరుబడ్డ జబ్బు. గొట్టంలోనో సప్లైలోనో తేడా పసిగట్టి ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతోందని అర్థం.

దీపమే వెలగకపోతే, లేదా ఆన్ కావడానికి నిమిషాలు పడుతుంటే, టిక్ టిక్ మంటూ ఆగి ఆగి వెలుగుతుంటే, మొదటి అనుమానం పవర్ బోర్డులో కరెంటును నిలవ ఉంచే చిన్న డబ్బాల్లాంటి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల మీదే. బయట అడాప్టర్ ఉన్న మానిటర్ అయితే ముందు మంచి అడాప్టర్‌తో చూడాలి. వోల్టేజి, పోలారిటీ (ప్లస్, మైనస్ వైపులు) రెండూ కలవాలి, ఆంపియర్లు తగ్గకూడదు.

కెపాసిటర్లు పోవడానికి కారణం వేడి. లోపలి ద్రవం మెల్లగా ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో వాడే మోటు లెక్క. అందుకే హీట్‌సింక్‌ను, అంటే వేడిని లాగే లోహపు పలకను, ఆనుకుని ఉన్నవి ముందుగా పోతాయి. పైమూత బల్లపరుపుగా ఉండాలి. ఉబ్బితే, గోధుమరంగు జిగురు కారితే మార్చేయడమే. ఉబ్బకపోయినా లోపల పాడై ఉండవచ్చు. మామూలు మల్టీమీటర్ ఒక్కోసారి మైక్రోఫారడ్‌లు (కెపాసిటర్ సామర్థ్యం) సరిగ్గానే చూపించి మోసం చేస్తుంది, లోపలి నిరోధాన్ని కొలిచే ఈఎస్ఆర్ మీటరైతే పట్టేస్తుంది. అది లేనివాళ్లు సెకండరీ వైపు, అంటే తక్కువ వోల్టేజి బయటికొచ్చే వైపు, ఉన్న నాలుగైదింటినీ ఒకేసారి మార్చడం నయం. 470 మైక్రోఫారడ్ 25 వోల్టులు, 1000 మైక్రోఫారడ్ 16 లేదా 25 వోల్టులు తరచూ కనిపించే విలువలు. మైక్రోఫారడ్ అంతే ఉండాలి, వోల్టులు అంతే లేదా ఎక్కువ ఉండాలి, 105 డిగ్రీల వేడి తట్టుకునే లో-ఈఎస్ఆర్ (తక్కువ లోపలి నిరోధం) రకమే తీసుకోవాలి. సైజు కూడా కొలుచుకోండి, లావైనది వేస్తే వెనక మూత పట్టదు. ఒంటి మీద చార ఉన్న కాలు నెగటివ్. బోర్డు మీది గుర్తులు అన్ని కంపెనీలవీ ఒకేలా ఉండవు, పీకే ముందే ఫొటో తీసుకోవాలి.

ప్రాణానికి సంబంధించిన సంగతి ఒకటి. మెయిన్స్ వైపు, అంటే గోడ ప్లగ్ నుంచి కరెంటు వచ్చే వైపు, ఉండే పెద్ద కెపాసిటర్‌లో, 230 వోల్టుల సప్లై మీద, సుమారు 325 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ తీశాక కూడా కొంతసేపు నిలిచి ఉండవచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం వద్దు; 10 కిలోఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో పది సెకన్లు తగిలించి, మీటర్‌తో చూసి సున్నాకు వచ్చాకే చెయ్యి పెట్టాలి. ఫ్యూజు నల్లగా మాడి ఉంటే కొత్తది వేసి ఊరుకోకూడదు. ఎక్కువగా బ్రిడ్జి రెక్టిఫయరో (ఏసీని డీసీ చేసేది), మాస్ఫెటో (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) షార్ట్ అయితే అలా మాడుతుంది. వాటిని సరిచేశాక మొదటిసారి 60 వాట్ల ఫిలమెంట్ బల్బును కరెంటు వచ్చే దారిలో సీరీస్‌లో పెట్టి ఆన్ చేయాలి. ఒక్కసారి వెలిగి తగ్గితే మంచిది, నిండుగా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఇంకా ఉంది. పాతకాలపు డబ్బా ఆకారపు సీఆర్‌టీ మానిటర్ల జోలికి మాత్రం అలవాటు లేనివాళ్లు అసలు పోవద్దు. వాటి పిక్చర్ ట్యూబుకు అందేది వేల వోల్టులు.

కొత్త మానిటర్ల ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్ సంగతి వేరు. ఎల్‌ఈడీలు వరసగా సీరీస్‌లో ఉంటాయి, ఒక్కటి తెగితే ఆ వరసంతా ఆరుతుంది. ఆ ఎల్‌ఈడీల పట్టీ మార్చాలంటే ప్యానెల్ పొరలన్నీ విప్పాలి. దుమ్ము పడుతుంది, అంచున కాగితంలా ఉండే సన్నని రిబ్బన్ కేబుళ్లు చిరుగుతాయి. చిరిగితే మంచి ప్యానెల్ చేజేతులా పోయినట్టే. అనుభవం లేనివాళ్లకు ఈ పని మేం చెప్పం.

గీతలొస్తుంటే మానిటర్ సొంత మెనూ తెరవండి. గీత మెనూను కూడా కోసుకుంటూ పోతే తప్పు మానిటర్‌లోనే. మెనూ శుభ్రంగా ఉంటే కేబుల్ లేదా గ్రాఫిక్స్ కార్డు. కార్డు మీద అనుమానముంటే స్క్రీన్‌షాట్ తీసి ఇంకో తెర మీద చూడొచ్చు, అందులోనూ గీతలుంటే మానిటర్ నిర్దోషి. పైనుంచి కిందికి ఒకే నిలువు గీత, అంచు నొక్కితే పోయి వదిలితే వస్తోందంటే, గాజుకు రిబ్బన్ అతుక్కునే చోట పట్టు వదిలింది. వేడి చేస్తేనో, లోపల రబ్బరు ముక్క కుక్కితేనో కొన్నాళ్లు ఆగుతుందేమో గానీ అది రిపేరు కాదు. ఇక్కడ మీ శీర్షిక చెప్పిందే నిజం. అన్నట్టు, తుడిచేటప్పుడు నీళ్లు నేరుగా తెర మీద చల్లితే కింది అంచులోకి జారి ఇవే గీతలు తెచ్చిపెడతాయి; గుడ్డను తడిపి తుడవాలి.

అలా ప్యానెల్ పోయిన మానిటర్‌ను కూడా పారేసే ముందు బోర్డులు విప్పి దాచుకోవచ్చు. వాటిని వేరేదానికి వాడేటప్పుడు మానిటర్ మోడల్ నంబరు చూసి నమ్మొద్దు. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల బోర్డులు, ప్యానెళ్లు వస్తుంటాయి. బోర్డు మీద అచ్చువేసిన నంబరు, కనెక్టర్ పిన్నుల వరస, ప్యానెల్ వెనక స్టిక్కర్ నంబరు కలిస్తేనే బిగించాలి.

ఇట్లు,
మానిటర్ల రిపేరు పనిలో ఉన్న కొందరు పాఠకులు