ముందు ఏ ఏడో చెప్పు

2022 జూన్ 15

చిరంజీవి వాసంతికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నీ చర్చా పోటీ వచ్చే వారమేనని అమ్మ గుర్తుచేసింది. ఆ రోజు నువ్వు ఫోనులో "ఒక్క మాటలో చెప్పు నాన్నా, పెట్రోలు ఇంత పెరగడానికి తప్పెవరిది?" అని అడిగితే, ఇరవై ఆరేళ్లుగా బంకులో పనిచేస్తున్నవాణ్ని, నీళ్లు నమిలాను. ఆ సిగ్గుతోనే మర్నాడు ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అప్పటికి ఇక్కడ ఇంటర్నెట్ లేదు కదా. అమలాపురం గొడవల తర్వాత దాదాపు రెండు వారాలు క్యూఆర్ అట్టలు బోర్లించి నోట్లు మాత్రమే తీసుకున్నాం. చిల్లర కోసం పక్కనున్న కిళ్లీకొట్టు ఆయన్ని ఎంత బతిమాలానో చెప్పలేను.

నీకు వచ్చిన పక్షం, చమురు దేశాలు కావాలని ఉత్పత్తి తగ్గించడం వల్లే ధరలు పెరిగాయన్నది. మీ బాబాయి ఆ మాట వింటేనే కుర్చీలోంచి లేస్తాడు. ఆయన లెక్కలో అంతా పన్నులే. మీ అమ్మది ఇంకో వాదం, దాని సంగతి తర్వాత. ముగ్గురిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. ఎటొచ్చీ ముగ్గురూ మూడు వేర్వేరు ఏళ్ల ధరల గురించి మాట్లాడుతున్నారు. అందుకే ఎవరైనా "ధర ఎందుకు పెరిగింది" అనగానే నేను అడిగేది ఒకటే: ఏ ఏటి ధర?

2008 జూలైలో ముడిచమురు పీపా 147 డాలర్లకు ఎగబాకింది. మళ్లీ ఇప్పటిదాకా అంత ఎత్తుకు వెళ్లలేదు. అప్పుడు ఢిల్లీలో లీటరు పెట్రోలు 50 రూపాయలు కాస్త దాటింది. ఈ నెల పీపా 115, 125 డాలర్ల మధ్య ఊగుతోంది, ఢిల్లీలో లీటరు 96 రూపాయల 72 పైసలు. చమురు అప్పటికంటే చవకగా ఉంటే పెట్రోలు రెట్టింపు ఎలా అయిందన్నది బాబాయి బల్ల గుద్ది అడిగే ప్రశ్న. కాగితం తీసుకో. పీపా అంటే 159 లీటర్లు. అప్పుడు డాలరు దాదాపు 43 రూపాయలు. 147ని 43తో హెచ్చించి 159తో భాగిస్తే లీటరు ముడిచమురు 40 రూపాయల లోపు. ఇప్పుడు డాలరు 78. పీపా 115 వేసుకున్నా లీటరు 56 దాటుతుంది. డాలర్లలో తగ్గిన సరుకే రూపాయల్లో పెరిగి కూర్చుంది. నీ పోటీలో ఈ రూపాయి సంగతి ఒక్కరూ ఎత్తరు, చూస్తూ ఉండు.

పైగా 2008లో మనం కట్టింది అసలు ధర కాదు. కంపెనీలు నష్టానికి అమ్మితే ప్రభుత్వం ఆ నష్టానికి డబ్బుకు బదులు బాండ్లు రాసిచ్చింది. ఒక్క ఏడాది కాదు, అయిదారేళ్లలో లక్ష కోట్ల రూపాయలు దాటిన కాగితాలు. వాటి బాకీ 2026 దాకా ఉంది. నువ్వు ఎల్‌కేజీలో ఉన్నప్పుడు నిన్ను బడిలో దింపడానికి నా బండిలో పోయించిన పెట్రోలులో కొంత అప్పు, తల్లీ.

ఇక బాబాయి తిరుగులేకుండా గెలిచే ఏడు 2020. ఏప్రిల్ 20న అమెరికాలో ముడిచమురు ధర సున్నా కంటే కిందికి, మైనస్ 37 డాలర్లకు పోయింది. పట్టుకెళ్లేవాడికే ఎదురు డబ్బులిస్తామన్నమాట. రోడ్డు మీద పురుగు లేదు, బంకులో నేనూ ఇద్దరు కుర్రాళ్లూ ఈగలు తోలుకుంటున్నాం. మాస్కు కట్టుకుని వచ్చిన ఒక పాల వ్యాను డ్రైవరు "అక్కడ ఊరికే ఇస్తున్నారట, మీరెంతకిస్తారు?" అన్నాడు. బోర్డు చూపించాను. ధర తగ్గలేదు. మార్చిలో లీటరుకు 3 రూపాయలు, మేలో పెట్రోలుకు 10, డీజిలుకు 13 కేంద్రం సుంకం పెంచింది. చమురు దిగిన మేర అంతా అందులోకే పోయింది. 2014 ఏప్రిల్‌లో పెట్రోలు మీద 9 రూపాయల 48 పైసలున్న కేంద్ర సుంకం, 2020 మేకు 32 రూపాయల 98 పైసలైంది. ఆ ఏటి ధరకు చమురు దేశాల కూటమి ఒపెక్‌ను తిట్టడం అన్యాయం.

నీ పక్షం మొదలయ్యేది కూడా సరిగ్గా అక్కడే. ధర కుప్పకూలగానే ఒపెక్ దేశాలూ, రష్యా తదితరులూ కలిసి మే నుంచి రోజుకు 97 లక్షల పీపాలు తగ్గించాలని ఒప్పందం చేసుకున్నారు. ప్రపంచం మొత్తం వాడేది రోజుకు పది కోట్ల పీపాలకు అటూ ఇటూ. అంటే దాదాపు పదోవంతు కుళాయి కట్టేశారు. నిరుడు జనం మళ్లీ రోడ్ల మీదికి వచ్చారు, కుళాయి మాత్రం చుక్కచుక్కగా తిప్పారు. రోజువారీ ఉత్పత్తిని నెలనెలా 4 లక్షల పీపాల చొప్పున మాత్రమే పెంచుతూ. ఇది కావాలని చేసిందే, దాన్ని గట్టిగా చెప్పు.

అయితే ఇందులో ఒక మడత ఉంది. ఒప్పుకున్న 4 లక్షలు కూడా నెలనెలా పూర్తిగా రాలేదు. నైజీరియా, అంగోలా లాంటి దేశాలు తమ వాటా కూడా తీయలేకపోయాయి. ఏళ్ల తరబడి బావుల మీద డబ్బు పెట్టకపోతే, అడిగిన రోజున అవి పాలివ్వవు. తీయనిది వేరు, తీయలేనిది వేరు. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండింటికీ ధర ఒకేలా పెరుగుతుంది. ఎదుటి పక్షంలో తెలివైన పిల్ల ఎవరైనా ఉంటే నిన్ను ఇక్కడే పట్టుకుంటుంది. ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా చమురు కొనడానికి ఐరోపా జంకింది, మన దేశం తగ్గింపు ధరకు కొంటోంది. ఈ నెల మొదట్లో జూలైకి రోజుకు 6.48 లక్షల పీపాలు పెంచుతామని ఒపెక్ కూటమి ప్రకటించినా మార్కెట్ కిందికి చూడలేదు. ఆ పీపాలు నిజంగా బయటికొస్తాయన్న నమ్మకం ఎవరికీ లేదు.

అమెరికాలోని హ్యూస్టన్ నుంచి మీ మావయ్య మొన్న ఫోటో పంపాడు. వాళ్ల దేశంలో గ్యాలన్, అంటే దాదాపు 3.8 లీటర్ల పెట్రోలు, సగటు ధర మొదటిసారి 5 డాలర్లకు చేరిందట. మన లెక్కలోకి తెస్తే లీటరు 103 రూపాయలు! వాళ్లుండే టెక్సాస్‌లో కేంద్ర, రాష్ట్ర పన్నులు రెండూ కలిపితే లీటరుకు 8 రూపాయలు. బాబాయికి ఈ అంకె చూపించాను, ఒక పూట మాట్లాడలేదు. పన్ను అంత తక్కువున్న చోట కూడా ధర మన దరిదాపుల్లోకి వచ్చిందంటే ఈ ఏటి మంట ముడిచమురుదే. అక్కడా ఇదే గొడవ. బైడెన్ ప్రభుత్వ భూముల్లో కొత్త లీజులు ఆపాడు, అందుకే ఉత్పత్తి లేదని కొందరు. కంపెనీలు లాభాలు మింగి కూర్చున్నాయని కొందరు. కరోనాకు ముందు రోజుకు 1.3 కోట్ల పీపాల దగ్గరున్న వాళ్ల ఉత్పత్తి ఇప్పుడు 1.2 కోట్ల లోపే. కానీ చమురుకు పేరుపడ్డ టెక్సాస్‌లో ఫెడరల్ భూమి చాలా తక్కువ, లీజులు ఆపితే అక్కడ ఆగేదేముంది? రెండుసార్లు చేతులు కాలిన మదుపరులు కొత్త బావి వద్దు, మా డివిడెండు ఇవ్వండి అంటున్నారు. నాకైతే ఆ కారణమే పెద్దదనిపిస్తుంది. మన ఊళ్లో రొయ్యల చెరువుల మీద రెండేళ్లు నష్టపోయిన రైతు మూడో ఏడు చెరువు ఎండబెట్టి ఊరుకోడూ? అలాగే.

ఇక మన బోర్డు. 2017 జూన్ నుంచి ధర రోజూ ఉదయం ఆరింటికి మారుతుందన్నారు. నిరుడు నవంబరు నుంచి మొన్న మార్చి 22 దాకా 137 రోజులు అది కదలలేదు, మధ్యలో అయిదు రాష్ట్రాల ఎన్నికలు జరిగాయి. తర్వాత ఒక్కోసారి 80 పైసల దాకా, పదహారు రోజుల్లో పద్నాలుగుసార్లు పెరిగి 10 రూపాయలు ఎక్కింది. మళ్లీ ఆగింది. ఢిల్లీ లెక్కలో పన్నులు కలపకముందు డీలరుకు పెట్రోలు పడేది 57 రూపాయల 33 పైసలకు. ముడిచమురే లీటరు 56 అని పైన మనం లెక్కేశాం. శుద్ధి చేసినందుకూ ఓడలో తెచ్చినందుకూ మిగిలేది రూపాయి! అంటే ఇప్పుడు కంపెనీలు నష్టానికే అమ్ముతున్నాయి. ప్రైవేటు బంకులు కొన్ని "స్టాకు లేదు" అట్ట పెట్టి చేతులు కట్టుకున్నాయి, వాళ్ల బళ్లన్నీ మా దగ్గరికే.

మన దగ్గర బోర్డు 111 దాటింది. అందులో కేంద్రానిది 19 రూపాయల 90 పైసలు. రాష్ట్రానిది 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి, మొత్తం 30 రూపాయలు. మాకు కమీషను 4 రూపాయల లోపు. గోదావరి వంతెన దాటితే యానాం. అది పుదుచ్చేరిది, పన్ను తక్కువ, లీటరుకు పదిహేను రూపాయలకు అటూ ఇటూ తేడా. అదే సరుకు, అదే గోదావరి గాలి. సాయంత్రమైతే కుర్రాళ్లు బళ్లు తిప్పుకుని మా బంకు ముందునుంచే వంతెన ఎక్కుతారు. ఖాళీ ట్యాంకుతో తోసుకుంటూ వచ్చి నా దగ్గర "యాభైకి కొట్టండి బాబాయ్, యానాం చేరేదాకా చాలు" అన్నవాడున్నాడు. కొట్టించాను. ఏం చేస్తాను!

కేంద్రం తగ్గించినా తిప్పలే. మే 21 శనివారం సాయంత్రం సుంకం 8 రూపాయలు తగ్గిస్తున్నామని ప్రకటన వచ్చింది. ఆదివారం బంకుకు లోడు రాదని శనివారమే ట్యాంకరు దింపించుకుంటాం కదా. డిప్ రాడ్ తీసి చూస్తే పాత ధరకు కొన్న సరుకు పన్నెండు వేల లీటర్లు. సుంకం తగ్గితే దాని మీద వేసే వ్యాటూ తగ్గుతుంది, కనుక మన బోర్డు మీద తగ్గింది 10 రూపాయల పైనే. తెల్లారేసరికి లక్షా పాతిక వేలు ఆవిరి. ఓనరు గారు నన్నేమీ అనలేదు గానీ, ఆ రోజు కాఫీ కూడా తాగకుండా కూర్చున్నారు. జనానికి మాత్రం ఆ పది రూపాయలు పండగే, ఆ మాటా ఒప్పుకోవాలి.

అమ్మ వాదం నీకు తెలిసిందే. "మన కాళ్ల కింద ఇంత చమురు పెట్టుకుని బయటివాళ్ల కాళ్లు పట్టుకోవడమెందుకు, తవ్వుకోవచ్చు కదా?" మనకు కావలసిన ముడిచమురులో 85 శాతం బయటినుంచే. పదేళ్ల కిందట ఏడాదికి 3.8 కోట్ల టన్నులు తీసిన దేశం నిరుడు 3 కోట్ల లోపే తీసింది. పెద్ద దిక్కైన చమురు క్షేత్రం బొంబాయి హై బయటపడింది 1974లో, దానికీ వయసు మీద పడింది. కోనసీమ కింద ఉన్నది ఎక్కువగా గ్యాసు. కాకినాడ ఎదురుగా సముద్రంలో 2009లో తీయడం మొదలుపెట్టి, మరుసటి ఏడే రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరిన గ్యాసు తర్వాత ఏటేటా పడిపోయింది. నీరూ ఇసుకా చేరాయని కంపెనీ, చెప్పినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం. తీయలేదా, తీయలేకపోయారా? చూశావా, మళ్లీ అదే మడత.

తవ్వమనేముందు అమ్మ మరిచిపోతున్నది ఒకటుంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. అప్పటికి నువ్వు పుట్టలేదు. రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా ఉండేది, మా నాన్న అరుగు మీద పడుకుని దీపం అక్కర్లేదురా అనేవాడు. 2014లో నగరం అనే ఊళ్లో గ్యాసు పైపు పేలి ఇరవై మందికి పైగా పోయారు, అది నీకు గుర్తుండే ఉంటుంది. అప్పట్నుంచి అటు వెళ్లినప్పుడల్లా పైపు గుర్తు రాళ్లు చూస్తే అందరికంటే ముందు అమ్మే కొంగు మూతికి అడ్డం పెట్టుకుంటుంది.

ట్యాంకరు వచ్చి హారన్ కొడుతున్నాడు, సాంద్రత చూసి దింపించుకోవాలి. సున్నుండలు విడిగా పార్సెల్ చేశాం, నీ గదిలో అమ్మాయిలకీ పెట్టు. ఈ ఉత్తరం ఇక్కడి పోస్టాఫీసులో వేస్తే రేపు గానీ కదలదు. అందుకే పక్కింటి అబ్బాయికి ఇస్తున్నాను. ఎలాగూ బండిలో పెట్రోలు పోయించుకోవడానికి యానాం వెళుతున్నాడు.

నాన్న