గుహ ఏదండీ, మంత్రిగారూ?

గౌరవనీయులైన కేంద్ర మంత్రిగారికి నమస్కారాలు.

న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలను పట్టేందుకు కొండ కింద గుహలో కట్టాల్సిన ల్యాబ్, న్యూట్రినో అబ్జర్వేటరీ గురించి ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ 'పరిశీలనలో ఉంది' అనే జవాబొచ్చింది. తేదీలు మాత్రం శ్రద్ధగా మార్చారు. అందుకే ఈసారి నలుగురికీ కనబడేలా రాస్తున్నాను.

2015 జనవరిలో కేబినెట్ 1500 కోట్లకు సరేనన్న రోజు ల్యాబ్‌లో స్వీట్లు పంచుకున్నాం. న్యూట్రినోలకు ద్రవ్యరాశి ఉందని తేల్చినవాళ్లకు నోబెల్ వచ్చిందీ ఆ ఏడాదే. కణాల గురించి ఇప్పుడున్న సిద్ధాంతం, స్టాండర్డ్ మోడల్ లెక్కలో ఆ ద్రవ్యరాశి సున్నా. అంటే మనకింకా తెలియని ఫిజిక్స్ ఏదో అక్కడుంది. దాని కోసమే ఈ పనిలో ఉన్నాను.

మా పనేమిటంటే, రెండు పల్చటి గాజు పలకల మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచాలి. అది ఎక్కడా తేడా రాకుండా బొత్తాల్లాంటి ప్లాస్టిక్ బిళ్లలు ఒక్కొక్కటే జిగురుతో అంటించాలి. ఊపిరి బిగబట్టి అంటించేవాళ్లం. 50 వేల టన్నుల ఇనుము మధ్య ఇలాంటి డిటెక్టర్లు దాదాపు 30 వేలు పెట్టాలి. పెట్టడానికి గుహ ఏదండీ?

మదురైలో 85 టన్నుల బుల్లి నమూనా ఉంది, నేల మీద. దానికి చిక్కేవి అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే మ్యూయాన్లనే కణాలే. వాటిని ఆపాలంటే పైన కిలోమీటరు రాయి కావాలి. ఆ రాయి తేని జిల్లా పొట్టిపురంలో ఉంది. 2017లో గ్రీన్ ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతి ఆపింది, 2018లో కేంద్రమే మళ్లీ ఇచ్చింది, 2022లో తమిళనాడు ప్రభుత్వం వద్దని సుప్రీంకోర్టుకు చెప్పింది. ఊరివాళ్లను నేను తప్పుపట్టను. వాళ్ల కొండ, వాళ్ల నీళ్లు. నమ్మకం కలిగేలా చెప్పలేకపోయాం, అందులో మా తప్పూ ఉంది. మరి మీరు వెళ్లి మాట్లాడారా?

అసలు గుహ మనకు ఉండేదండీ! 1965లో వాతావరణ న్యూట్రినోలు, అంటే కాస్మిక్ కిరణాలు గాలిని తాకినప్పుడు పుట్టేవి, కోలార్ బంగారు గనుల్లో చిక్కాయి. 2001లో ఆ గనులు మూసేశారు.

కంటికి కనబడని కృష్ణపదార్థం (డార్క్ మ్యాటర్) కోసం జాదూగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున చిన్న ల్యాబ్ పెట్టారు. సంతోషం. అంతకన్నా లోతు, అంతకన్నా చోటు ఎప్పుడిస్తారు? ఈలోగా, మూడు న్యూట్రినోల్లో ఏది బరువు, ఏది తేలిక అని మనం అడగాలనుకున్న ప్రశ్ననే చైనావాళ్ల న్యూట్రినో డిటెక్టర్ జూనో 2025 ఆగస్టు నుంచి అడుగుతోంది.

ఇవ్వండి, లేదా ఇవ్వలేమని చెప్పేయండి. ఏదో ఒకటి చెప్పండి సార్. మొన్న కొత్తగా చేరిన పీహెచ్‌డీ అమ్మాయి "మన డిటెక్టర్ ఎప్పుడు సార్?" అంది. మీ మూడు జవాబులూ చేతిలో పెట్టాను.

ఇట్లు,
జవాబు కోసం చూస్తున్న ఒక పరిశోధకుడు